పన్నెండోసారి నిలబడ్డ ఊరు

నేను కంప్యూటర్ గేములు తయారుచేస్తాను. ఇప్పుడు చేస్తున్న గేములో, ఆడిన ప్రతిసారీ కంప్యూటరే సొంతంగా ఒక కొత్త ఊరు గీసుకోవాలి. ఈ రోజు తిరువూరులో మా ఇంట్లో కూర్చుని పదకొండుసార్లు నడిపితే, పదకొండుసార్లూ ఊరు సగంలోనే ఆగిపోయింది.

రెడ్డిగూడెం నుంచి వచ్చిన బాబాయి, పిన్ని కాఫీ తాగుతూ నా అవస్థ చూస్తున్నారు.

“ఏంట్రా, పొద్దున్నుంచీ దాంతో కుస్తీ పడుతున్నావు?” అన్నాడు బాబాయి.

“ఒక చేను పక్క చేలోకి మూరెడు జరుగుతోంది బాబాయ్. హద్దు కుదరక ఊరు ఆగిపోతోంది.”

“దానికి ఊరెందుకు ఆగాలిరా? గట్టు మీద ఇద్దరు రైతుల్ని పెట్టి పోట్లాడుకోమను. మిగతా ఊరు దాని పని అది చూసుకుంటుంది.”

విసుగులో ఉన్నానేమో, అచ్చం అలాగే రాశాను. పన్నెండోసారి ఊరు నిలబడింది. గట్టు మీద ఇద్దరూ తిట్టుకుంటూనే ఉన్నారు.

ఇంత తెలివి ఎక్కడిదని అడిగితే బాబాయి కాఫీ కప్పులోకి చూశాడు. పిన్నే చెప్పింది: “ఏటా దున్నినప్పుడల్లా పక్కవాళ్ళ గట్టు చెక్కేది ఈయనేగా.”

ఎడమవైపు రైతుకి బాబాయి పేరే పెట్టాను. కుడివైపు రైతుకి ఇంకా పేరు లేదు. గట్టు పోగొట్టుకున్నవాళ్ళు ఎవరైనా ఉంటే కింద కామెంట్లో మీ పేరు రాయండి, కనీసం గేములోనైనా తిరిగి తిట్టుకోవచ్చు.