సారుకు అన్నం తీసుకుపోయిన పిల్ల

1983 ఎండాకాలం. శింగనమల దగ్గర ఒక ఊరి బడిలో పిల్లల క్యాంపు. నేనప్పుడు ఒక స్వచ్ఛంద సంస్థలో బాలసేవికను. అంటే సాయంత్రాలు ఊళ్లలో పిల్లల్ని కూడేసి ఆటలు ఆడించి, పాటలు, కథలు చెప్పే పని. సెలవుల్లో పది రోజులు పిల్లలను బడిలోనే ఉంచి క్యాంపు పెట్టేవాళ్లం. అందులో జీతం ఉన్నది నాకొక్కదానికే. తక్కినవాళ్లంతా వలంటీర్లు, ఊరికే వచ్చి సాయం చేసేవాళ్లు. కాలేజీ పిల్లలు, ఒకరిద్దరు బడి అయ్యవార్లు.

క్యాంపుల్లో మేము ఎక్కువగా వాడే మాట హోమ్‌సిక్. ఇంటి మీద బెంగ పెట్టుకున్న పిల్లలను అట్లా అంటాం. కడుపునొప్పి అన్నా, తిండి మానేసినా, మూల కూర్చున్నా అదే పేరు. దానికి మందు గ్లాసు మజ్జిగ, ఒక కథ, రాత్రి మా పక్కన చోటు. రెండు రోజుల్లో తగ్గిపోతుంది.

వరలక్ష్మికి తగ్గలేదు. ధర్మవరంలో పట్టుచీరలు నేసే రామాంజి కూతురు, పదకొండేళ్లది. వచ్చిన రోజు అందరికంటే ముందు పాట అందుకున్న పిల్ల, తర్వాత సంగటి ముద్ద ముట్టడం మానేసింది. హోమ్‌సిక్ అన్నారు అందరూ. నాకు మాత్రం ఆ మాట కుదిరినట్టు అనిపించలేదు. ఇంటి బెంగ ఉన్న పిల్లలు బస్సు వచ్చే దోవ వైపు చూస్తుంటారు. ఈ పిల్ల వంట దగ్గరికి పిలిస్తే దాక్కుంటోంది.

మా వలంటీర్లలో ఒక పెద్దాయన ఉన్నాడు. పిల్లలకు డ్రిల్లు, యోగాసనాలు నేర్పేవాడు. క్యాంపుకు బియ్యం కూడా ఆయనే ఇచ్చాడు. బడి ఆవరణలో ఒక పక్కగా ఉన్న గదిలో దిగాడు. పిల్లలంతా వరండాలో కూర్చుని తింటే, ఆయనకు మాత్రం క్యారియర్లో అన్నం కట్టి ఎవరో ఒక పిల్లతో పంపేవాళ్లం. మా వైపు ఏ ఇంట్లోనైనా పెద్దవాళ్లు వస్తే చేసే మర్యాదే అది. వరలక్ష్మి శుభ్రంగా ఉంటుంది, ఆ పాపనే పంపండి అని ఆయనే అడిగాడు. అందులో ఎవరికీ తప్పు కనిపించలేదు.

ఒక మధ్యాహ్నం బూడిదతో తట్టలు తోముతూ ఆ పిల్ల నాతో అంది: "అక్కా, సారుకు అన్నం నేను తీసకపోను. కొట్టినా పోను."

ఎందుకని అడిగితే తోమిన తట్టనే మళ్లీ తోమింది.

"తలుపేస్తాడక్కా."

ఆ తర్వాత ముక్కలు ముక్కలుగా చెప్పిందంతా ఇక్కడ రాయను.

ఆ సాయంత్రం క్యారియర్ నేనే తీసుకుపోయి గడప మీద పెట్టాను. పాప యాడ అని అడిగాడు. ఇకమీదట నేనే తెస్తానని చెప్పి వచ్చేశాను. నేరుగా చంద్రన్న దగ్గరికి పోయి, వరలక్ష్మి నోరు విప్పిందని చెప్పాను. ఆయన క్యాంప్ ఇన్‌చార్జి, అంటే అన్నిటికీ బాధ్యుడు. రైతుబిడ్డ, మంచివాడు.

"మొదటి దినం పాడినంక ఈ పాపకు నోట్లో నాలుక ఉండాదా అని మేమంతా అనుకుంటాంటిమి, ఈ పొద్దేమో..." అని నవ్వబోయి నా మొహం చూసి ఆగిపోయాడు. జరిగింది విన్నాక తల పట్టుకున్నాడు. ఊరి పెద్దలంతా ఆ సారు మనుషులే అన్నాడు. పోలీసుల దాకా పోతే వీధిన పడేది పిల్ల పేరేనన్నాడు.

"రేపు పొద్దున్నే ఆయన పోకపోతే ఆడపిల్లలందరినీ నేను బస్సెక్కిస్తానన్నా" అన్నాను.

పొద్దున్నే ఆ పెద్దాయన వెళ్లిపోయాడు. సారుకు ఒంట్లో బాగాలేదని పిల్లలకు చెప్పాడు చంద్రన్న. ఆయన పోయే ముందు వాళ్లను డ్రిల్లు వరసల్లో నిలబెట్టి చప్పట్లు కొట్టించారు. రెండో వరసలో వరలక్ష్మి కూడా కొట్టింది.

కబురంది రామాంజి వచ్చాడు. జరిగింది నేనే చెప్పాను. గొంతుక్కూర్చుని, నేల చూస్తూ అంతా విన్నాడు. ఆ పిల్ల చెప్పబట్టే తక్కిన పిల్లలు కూడా ఆయన బారిన పడకుండా తప్పించుకున్నారని, బడి మాత్రం మాన్పించొద్దని బతిమాలాను.

"నా బిడ్డ తప్పు లేదని నాకు తెలుసు తల్లీ. ఆ మాట ఊర్లో ఎవరు చెప్తారు? వాణ్ణి చప్పట్లు కొట్టి పంపిస్తిరంట గదా."

కూతుర్ని వెంటబెట్టుకుని వెళ్లిపోయాడు రామాంజి. సెలవులైనాక వరలక్ష్మిని బడికి పంపలేదు. నేను ఎన్నిసార్లు ధర్మవరం పోయినా రామాంజి మంచినీళ్లు ఇచ్చేవాడు, నా మాట మాత్రం వినేవాడు కాదు. కండ్ల ముందర ఉండనీ అనేవాడు.

మరుసటి ఎండాకాలం ఆ పెద్దాయన రాయదుర్గం వైపు ఇంకో క్యాంపులో డ్రిల్లు నేర్పుతున్నాడని తెలిసింది. మేము చెప్పకపోతే వాళ్లకెట్లా తెలుస్తుంది? ఈసారి చంద్రన్న నాతో వచ్చాడు. అక్కడి వలంటీర్లందరి ముందూ ఆ పెద్దాయన పేరు పెట్టి జరిగింది చెప్పాడు. పిల్ల పేరు, ఊరు ఎత్తలేదు. ఆ రోజే ఆయన్ను పంపించేశారు.

ఆ సంగతి వింటే సంతోషిస్తుందని వరలక్ష్మి దగ్గరికి పోయాను. మగ్గం పక్కన కూర్చుని తెగిన పోగులు అతుకుతోంది. చేతులు ఆపకుండానే అంతా వింది.

"అక్కా, నేను చెప్పకపోయింటే బడికి పోతాంటినా?"

అబద్ధం చెప్పాలనిపించింది. కానీ ఆ పిల్ల నన్ను నమ్మి చెప్పుకున్న పిల్ల.

"పోతాంటివి" అన్నాను.

తల ఊపి మళ్లీ పోగు అందుకుంది.

ఇప్పుడు మా క్యాంపుల్లో పెద్దలూ పిల్లలూ ఒకే వరసలో కూర్చుని తింటారు. ఎవరి గదికీ పిల్లలను ఒంటరిగా పంపము. ఇవి తొందరగానే అలవాటయ్యాయి. కష్టమైనది ఇంకొకటి ఉంది. ఏదైనా జరిగితే భయపడకుండా చెప్పమని పిల్లలకు నేర్పుతాం కదా. చెప్పిన పిల్ల మర్నాడు అదే బడిలో, అదే బెంచీ మీద కూర్చునేటట్టు చూసే పూచీ ఎవరిదో ముందే తేల్చుకోవాలి. ప్రతి ఏడూ క్యాంపుకు ముందు వలంటీర్లను కూర్చోబెట్టి మొదట నేను అడిగేది అదే.