ఎందుకుగారి కొట్లో మందు

కొట్టు పెట్టుకున్నవాళ్ళంతా "ఏం కావాలి?" అని అడుగుతారు. ఎందుకుగారు మాత్రం "ఎందుకు?" అని అడుగుతారు. అడిగి ఊరుకోరు, జవాబు నచ్చితే తప్ప సరుకివ్వరు. ఆయన అసలు పేరు గుమ్మం మీద బోర్డులో ఉంది కానీ, దాన్ని తలెత్తి చదివే తీరిక ఏ కొనేవాడికీ దొరకలేదు. జవాబులు చెప్పుకోవడంతోనే పొద్దు గడిచిపోయేది.

పోనీ ఆయన అమ్మేది ఉప్పూ పప్పూ అయితే నవ్వుకుని ఊరుకునేవాళ్ళు. యాసిడ్, కాస్టిక్ సోడా, ఎలకల మందు, చెదల మందు, బొద్దింకల మందు, వెనకగదిలో ఇనప బీరువా నిండా లైసెన్సున్నవాళ్ళకి తుపాకీ తూటాలు. వీధికి వీధినే లేపెయ్యగల సరుకంతా ఒకచోట పోగేసి, అందులో ఒక్కటీ గుమ్మం దాటకుండా కాపలా కాస్తున్నట్టుండేది ఆయన వ్యాపారం.

ఈ వ్యాపారం చూసి అందరికంటే ఎక్కువ కుమిలిపోయినవాడు ఆయన అల్లుడు. అతను పనిచేసే ఫ్యాక్టరీ మూతపడితే, "మన కొట్టే ఉందిగా నాయనా" అని ఎందుకుగారే పిలిచి కూర్చోబెట్టుకున్నారు. కూర్చున్న రోజే ఒకావిడ వచ్చింది.

"యాసిడ్ ఒక సీసాడు ఇవ్వండి."

"ఎందుకమ్మా?"

"బాత్రూం కడగడానికండీ."

"ఎక్కడ పెడతావు?"

"ఇదిగో, కూల్‌డ్రింకు సీసా తెచ్చాను. ఇందులో పోసెయ్యండి."

ఎందుకుగారు తోక తొక్కిన తాచులా లేచారు. "కూల్‌డ్రింకు సీసాలో యాసిడా! దాహమేసి మీ మనవడు తాగితే?"

"మాకు మనవలు లేరండీ."

"పక్కింటివాళ్ళకి ఉండరూ?"

ఆ తర్వాత ఆయన సుత్తీ మేకులూ ఒక చెక్కా పట్టుకుని ఆవిడ వెంట వెళ్ళి, పిల్లలకి అందనంత ఎత్తున అలమర కొట్టి, యాసిడ్ సీసా స్వయంగా దాని మీద పెట్టి వచ్చారు. చెక్క ఖరీదు ముందు సీసా ఖరీదు ఏ మూలకి! అల్లుడు తల పట్టుకున్నాడు.

తూటాల దగ్గర పరీక్ష ఇంకా కఠినం. జవాబు నచ్చకపోతే ఆయన జేబులు తడుముకుని, "అరెరే, తాళంచెవి కనపడ్డం లేదండీ. రేపు రండి" అనేవారు. ఒకాయన లైసెన్సు కాగితం ఊపుకుంటూ, రొప్పుతూ వచ్చాడు.

"ఎందుకండీ తూటాలు?"

"అడవి పందికి!"

"పంది పేరేమిటి?"

"వాడి పేరు నా నోటితో చెప్పను!"

తాళంచెవి కనపడలేదు. మర్నాడు ఆ పందీ ఆయనా, అంటే బావమరిదీ ఆయనా, ఒకే స్కూటరు మీద వచ్చి చెదల మందు కొనుక్కెళ్ళారు.

"మామయ్యా, బేరాలన్నీ ఇలా వెనక్కి పంపితే మనం బతికేదెలా?" అన్నాడు అల్లుడు.

"వాళ్ళు బతికుంటే మళ్ళీ కొనరూ?" అన్నారు ఎందుకుగారు.

ఇలా ఉండగా, బ్యాంకులో గార్డుగా చేసి రిటైరైన పెద్దాయన ఒకరోజు వచ్చారు. గార్డుగారి మీసం వీధిలోకెల్లా ఠీవైన మీసం. భార్య పోయినప్పటినుంచి దాని మొహం చూసేవాళ్ళు లేక అది ఎటు పడితే అటు పెరిగింది. చొక్కా గుండీలు ఒకదానికి బదులొకటి పెట్టుకుని ఉన్నారు.

"రెండు తూటాలివ్వండి."

"ఎందుకండీ?"

"ఎలకలకి."

అల్లుడు పక్కకి తిరిగి నవ్వాపుకున్నాడు. ఎందుకుగారు నవ్వలేదు.

"ఎలకలకి తూటాలేమిటి గార్డుగారూ?"

"అయితే మందివ్వండి. ఏదో ఒకటి ఇవ్వండి."

"అమ్మగారు ఉండగా ఎలకల గొడవ లేదే?"

"ఆవిడ ఉండగా ఏ గొడవా లేదు."

ఎందుకుగారు జేబులన్నీ తడుముకున్నారు. తాళంచెవి కనపడలేదు. "మందు మాత్రం ఉంది" అంటూ బల్ల కిందికి వంగి, గోతాం మీద నిద్రపోతున్న కొట్టు పిల్లిని ఎత్తి ఆయన చేతుల్లో పెట్టారు. "ఇదే మందు. రెండు పూటలా పాలు పొయ్యాలి. ఎలా పనిచేస్తోందో రోజూ సాయంత్రం వచ్చి చెప్పాలి."

గార్డుగారికి మాట రాలేదు. పిల్లికి మాత్రం వచ్చింది.

ఆ రోజునుంచి ప్రతి సాయంత్రం గార్డుగారు రావడం, తూటాలడగడం, తాళంచెవి కనపడకపోవడం, "సరే, వెతికేలోగా ఒక ఆట వేద్దాం" అని ఎందుకుగారు చదరంగం బల్ల తియ్యడం మామూలైపోయింది. వెతికేవాడు లేడు, ఆట మాత్రం కొట్టు కట్టేసేదాకా సాగేది. పిల్లికి పేరు లేదు కనక గార్డుగారు దాన్ని 'మందు' అనే పిలిచేవారు. ఒకరోజు వరసగా ఓడిపోయి ఒళ్ళుమండి, ఇంటికెళ్ళి, లైసెన్సులిచ్చే ఆఫీసుకి ఫోన్ చేసి ఫిర్యాదు పడేశారు. మర్నాడు సాయంత్రం మామూలుగానే ఆటకొచ్చారు.

ఆఫీసు నిమ్మకు నీరెత్తినట్టు కూర్చుని, ఆ ఫిర్యాదు అందరూ మర్చిపోయాక ఒక ఆఫీసర్ని పంపింది. ఆయన బెల్టు సర్దుకుంటూ లోపలికొచ్చారు.

"తూటాలడిగితే ఇవ్వకుండా, బలవంతంగా ఏదో మందు అంటగట్టావట?"

"ఇచ్చానండీ" అన్నారు ఎందుకుగారు తొణక్కుండా.

"ఆ మందు మీద పడి పరుపు చిరిగిందట!"

"దాని స్వభావం అంతేనండీ."

"మూత పెట్టినా ఆగక గోడెక్కి పోతోందట! వాసనకి పక్కింటివాళ్ళు తగువుకొచ్చారట! ఏం మందయ్యా అది? దానికి పర్మిట్ ఉందా?"

"సార్, అది పిల్లి..." అని అల్లుడు నోరు తెరిచాడు.

"పిల్లి బ్రాండో, పులి బ్రాండో, మధ్యలో నువ్వు మాట్లాడకు!" అని ఆఫీసరు గద్దించారు. "బీరువా తెరువు. లెక్క తేడా వస్తే లైసెన్సు ఇక్కడే రద్దు."

కొట్టుకి ఆధారం ఆ లైసెన్సే. అల్లుడికీ, అతని భార్యకీ, పుట్టబోయే బిడ్డకీ ఆధారం ఆ కొట్టు. ఇప్పుడు గనక మామయ్య జేబులు తడుముకున్నారంటే కొంపమునిగినట్టే. ఎందుకుగారు జేబు మీద చెయ్యి వేశారు.

సరిగ్గా అప్పుడే గార్డుగారు వచ్చారు. మీసం దువ్వి ఉంది. గుండీలు వరసలో ఉన్నాయి. ముంజేతుల నిండా పిల్లి గీరిన గీతలు.

"మీరేనా ఫిర్యాదు చేసింది? భయపడకండి" అన్నారు ఆఫీసరు. "ఇప్పుడే, నా ఎదటే, మీకు తూటాలిప్పిస్తాను."

గార్డుగారు ఆయన్ని ఎగాదిగా చూశారు.

"ఎందుకు?" అన్నారు.

ఆఫీసరు బిత్తరపోయారు. "ఎందుకేమిటి? అడిగింది మీరేగా!"

"అప్పుడడిగాను. ఇప్పుడు మా మందు పిల్లల్ని పెట్టింది. ఇంట్లో తుపాకీ పేలితే బెదిరిపోవూ?"

"మందు... పిల్లల్ని పెట్టిందా?"

"నాలుగు. ఒకటి నల్లది. పుణ్యముంటుంది, ఆ తుపాకీ కూడా మీ ఆఫీసులోనే పెట్టేసుకోండి. అది పెట్టే అలమర పిల్లలకి కావాలి." అని చదరంగం బల్ల తనే తీసి ఎందుకుగారి ముందు పరిచారు. "నిన్న మీ ఏనుగుని తినేశాను, గుర్తుందా?"

ఆఫీసరు అల్లుడి వంక చూశారు. ఈసారి అల్లుణ్ణి పూర్తిగా మాట్లాడనిచ్చారు. విన్నాక ఆయన టోపీ తీసి, చాలాసేపు దాని లోపలికి చూసుకుని, మా ఆఫీసు ఫైళ్ళని కూడా ఎలకలు కొట్టేస్తున్నాయి, ఆ నల్ల మందు మాకివ్వరా అన్నారు.

"ఎక్కడ పెడతారు?" అన్నారు ముసలాళ్ళిద్దరూ ఒక్కసారే.

లెక్క చూడ్డానికి బీరువా తెరవాలి కదా. అప్పుడు ఎందుకుగారు బనియను లోపలికి చెయ్యి పోనిచ్చి, మెడలోని తాడు పైకి లాగారు. తాడు చివర తాళంచెవి. పాతబడి, ఒంటి చెమటకి నల్లబడి ఉంది. అల్లుడికి, ఇన్నాళ్ళూ మామయ్యది చాదస్తం అనుకున్నందుకు ఆయన కాళ్ళమీద పడాలనిపించింది. ఎటొచ్చీ ఆయన కాళ్ళు చదరంగం బల్ల కింద ఉన్నాయి.

లెక్క సరిపోయింది. ఆఫీసరు వెళ్ళాక అల్లుడు మెల్లగా అడిగాడు.

"తాళంచెవి మెడలోనే పెట్టుకుని, పోయిందని ఎందుకు చెప్పారు మామయ్యా?"

ఎందుకుగారిని 'ఎందుకు' అని అడిగినవాడు అంతవరకూ లేడు. ఆయన బంటు చేత్తో పట్టుకుని కాస్త తడబడ్డారు.

"పోయిందని నేనెప్పుడన్నాను? కనపడ్డం లేదన్నాను. బనియను లోపలుంటే ఎలా కనపడుతుంది నాయనా?"