పళ్లెంలో చల్లార్చిన పచ్చడి

గున్నమ్మ మొదటి గెలుపు, నాలుగోసారికి సరిగ్గా కుదిరిన చింతపండు బెల్లం పచ్చడి. శ్రీకాకుళం వైపు నుంచి కొత్త కోడలిగా భిలాయి క్వార్టర్లోకి దిగిన ఏడాది అది. మొదటి మూడుసార్లూ పొయ్యి మీద అమృతంలా ఉన్న పచ్చడి విస్తట్లోకి వచ్చేసరికి పళ్లు జివ్వుమనిపించింది. నాలుగోసారి, ఉక్కు కర్మాగారంలో ఫర్నేసు దగ్గర పనిచేసే భర్త శంకరరావు అడ్డుకున్నాడు.

"వేడి మీద రుచి సూత్తావేటే? మా దగ్గర లోహం కూడా గరిటెడు తీసి, సల్లార్చాకే ల్యాబుకి పంపుతాం."

ఆ మాట ఆమె పట్టుకుంది. చెంచాడు పచ్చడి స్టీలు పళ్లెంలో వేసి, చల్లారాక నాలిక మీద పెట్టుకుంది. వేడి మీద తీపి ఎక్కువ తెలుస్తుంది. చల్లారితే పులుపు పైకొస్తుంది. గుట్టు దొరికాక ఆమెకి తిరుగు లేకపోయింది. వినాయక పందిట్లో మూడొందల విస్తళ్లకి వడ్డించింది. తెలుగువాళ్ల వనభోజనాల్లో, పేరుమోసిన వంటావిడ కుసుమ చేత గరిటె కింద పెట్టించింది. ఇప్పటికీ ఊరి పక్క హథ్‌ఖోజ్‌లో ఒక కార్ఖానా క్యాంటీనుకి సమోసాల్లోకి రోజూ డబ్బాడు పచ్చడి వెళ్లేది భిలాయిలోనే కోహ్కాలో ఇప్పుడుంటున్న ఇంట్లో, ఆమె వంటింటి నుంచే.

మిగతావాళ్లెవరూ ఆమె లెక్కలోకి రారు. సీసాలో అమ్మే సాసుని ఎర్ర నీళ్లంటుంది. పంచదారలో నిమ్మ ఉప్పు కలిపి చట్నీ అనేవాళ్లని మనుషుల్లో జమకట్టదు. ఇక కోడలు హేమమాలిని! భిలాయిలో పుట్టి, తెలుగు కన్నా హిందీ బాగా వచ్చిన పిల్ల. చింతపండు పిసకడానికి చేతికి తొడుగు వేసుకునే పిల్ల.

ఈ ఫిబ్రవరిలో చెల్లెలు సూర్యావతికి విశాఖలో మోకాలి ఆపరేషన్. "అక్కా, నెల్లాళ్లుండవే" అని ఫోనులో ఏడ్చింది. గున్నమ్మ మాత్రం మూడోనాటికే తిరుగు టికెట్ తీయించుకుంది.

"హేమ చేస్తుంది కదమ్మా" అన్నాడు కొడుకు సతీష్‌కుమార్.

"అదా? అది సేసిన పచ్చడి ఇత్తడి బిందెలు తోముకోడానికి పనికొత్తాది. క్యాంటీనోళ్లు నాలుగోనాటికి ఇంకోళ్లని ఎతుక్కుంతారు."

ఇరవయ్యో తేదీ, ప్రయాణం రోజు పొద్దున్నే హేమమాలిని ఒక్కతే పచ్చడి కాచి దించి, వేయించిన జీలకర్ర, శొంఠి పొడి కలిపింది. గున్నమ్మ సంచీ భుజాన వేసుకునే వంటింట్లోకి వచ్చింది. పొగలు కక్కుతున్న గిన్నెలోంచి చెంచాడు తీసి నోట్లో పోసుకుంది.

"ఛీ! పానకం కాసినావేటే?"

"అత్తా, ఏక్ మినిట్. ఠండా అవనీండి. అదిగో, ప్లేటులో వేసేను..."

"నాకే సెప్తావేటి? నువ్వు పుట్టకముందే మూడొందల ఇస్తళ్లకి ఒడ్డించీసినాను!"

అంటూనే పక్కనున్న గిన్నెడు చింతపండు గుజ్జూ అందులో గుమ్మరించి, గరగరా కలిపేసింది.

ఆటో రావడానికి ఇంకా టైముంది. ఈలోగా పచ్చడి చల్లారింది. సతీష్‌కుమార్ రాత్రి మిగిలిన గారె ఒకటి అందులో ముంచుకుని కొరికి, ఒక కన్ను మూసేశాడు.

"అమ్మా, ఇది సమోసాకా, బిందెలకా?"

గున్నమ్మ వేలు ముంచి నాకింది. దవడలు పట్టేశాయి. అప్పుడు గట్టు మీద హేమమాలిని ముందే తీసిపెట్టిన పళ్లెం కనబడింది. అందులో చెంచాడు పచ్చడి, పైన పొర కట్టి, ఎవరూ ముట్టుకోకుండా ఉంది. నాలికకి రాసుకుంది. ముందు బెల్లం, వెనకే చింతపండు, చివర శొంఠి ఘాటు. ఒకదాన్నొకటి తొక్కుకోలేదు.

"పొగల్లో నాలికెట్టీసేను. బుద్ధిలేని ముసిల్దాన్ని" అంది, కుసుమని తిట్టే గొంతుతోనే.

హేమమాలిని గిన్నె మళ్లీ పొయ్యి మీద పెట్టింది. బెల్లం తురమడం మొదలుపెట్టింది. "ఎంత వెయ్యనత్తా?"

"నన్నడుగుతావేటి? పళ్లెంలో ఏసుకుని సూడు. ఆ సేతికి తొడుగు మాత్రం తీసీ, సూడలేకున్నాను."

బయట ఆటో హారన్ మోగింది. గున్నమ్మ గుమ్మం దాటుతూ కొడుకు వైపు తిరిగింది. "ఒరే, ఆ మూడ్రోజుల టికెట్టు కేన్సిల్ సేసీ. సూర్యావతి అడిగినన్నాళ్లూ ఉంతాను."

సతీష్‌కుమార్ ఆటోలో కూర్చునే ఫోనులో కొత్త టికెట్ తీశాడు. గున్నమ్మ తిరిగి వచ్చేది మార్చి ఇరవయ్యో తేదీన.