కాకి ముట్టని ఆకు

మలయాలో ఇపో ఊరి దగ్గర రబ్బరు తోటల దొరల క్లబ్బులో నేను మార్కరుగా పనిచేసిన రోజులవి. బిలియర్డ్స్ బల్ల మీది పచ్చగుడ్డ చెమ్మ పట్టకుండా రోజూ ఇస్త్రీ చేయడం, ఆట నడుస్తుంటే పాయింట్లు వేయడం, తప్పు జరిగితే "ఫౌల్" అని పిలవడం నా పని. దొరను తప్పుపట్టే హక్కు ఆ తోటల్లో మార్కరు ఒక్కడికే ఉండేది. ఆట గది దాటితే మళ్ళీ మామూలే, చేతులు కట్టుకుని నిలబడాలి.

ఆ క్లబ్బుకు ఒక ఇంగ్లీషు ఆటగాడు వచ్చాడు. అదే బల్ల మీద ఆడే స్నూకరే అతని బతుకుతెరువు. వాళ్ళ దేశంలో ఒకప్పుడు పెద్ద పోటీ గెలిచి పేరు తెచ్చుకున్నవాడు. వయసు మళ్ళాక సింగపూరు, పినాంగు క్లబ్బుల్లో ఆడి చూపిస్తూ తిరిగి, చివరికి మా దగ్గర సభ్యులకు ఆట నేర్పే పనిలో కుదురుకున్నాడు. ఆట దగ్గర అతణ్ణి నెత్తిన పెట్టుకునే దొరలు భోజనానికి మాత్రం పక్కన కూర్చోబెట్టుకునేవారు కాదు. జీతానికి ఆడేవాడు కదా! దొరల్లోనూ కులాలున్నాయి. మా అమ్మ జాలిపడి అతని గదికి ఎండుచేపల పులుసు పంపేది. కొన్నాళ్ళకు తనే కూలీల వరసలో ఉన్న మా లైనింటికి వచ్చి, గుమ్మంలో పీట వేసుకుని తినడం మొదలుపెట్టాడు. మా ఇద్దరికీ కలిసిన భాష మలాయి, అదీ బజారు మలాయి.

అతనిలో ఒక్కటే నాకు మింగుడుపడేది కాదు. బ్రహ్మాండంగా ఆడుతూ ఆడుతూ, ఉన్నట్టుండి ఆటకర్ర దించి "ఫౌల్" అనేవాడు. తన చొక్కా చెయ్యి బంతికి తగిలిందనేవాడు. నేను కళ్ళప్పగించి చూస్తూనే ఉండేవాణ్ణి, తగిలేది కాదు. చెబితే వినడు. ఎదుటివాడికి పాయింట్లు వేయించి పక్కకు తప్పుకునేవాడు. అప్పుడు తన ఎడమ మోచేతి వైపు, అక్కడెవరో పట్టుకుని నిలబడినట్టు చూసుకునేవాడు.

ఒక వాన మధ్యాహ్నం మా గుమ్మంలో అసలు సంగతి చెప్పాడు. పేరు తెచ్చిన ఆ పోటీలో, ఆఖరి ఆటలో, అతని చొక్కా చెయ్యి నిజంగానే బంతికి తగిలిందట. తీర్పరి చూడలేదు. ఇతను నోరు మెదపలేదు. ఓడినవాడు మళ్ళీ కర్ర ముట్టలేదు, ఎక్కువకాలం బతకనూ లేదు. నేను నమ్మాను. ఊరికే ఏ మనిషీ తనకు తాను అంత శిక్ష వేసుకోడు. "తగిలే ఉంటుంది దొరా" అన్నాను. అతను పీట మీదే తలవంచుకుని ఏడ్చాడు. అమ్మ ఏమీ అడగకుండా మంచినీళ్ళు తెచ్చి పెట్టింది.

కొద్దిరోజులకే చలిజ్వరం వచ్చి పోయాడు. పాదిరీ వచ్చి ప్రార్థన చదివి పాతిపెట్టించాడు. అక్కడితో అయిపోవాలి. మా అమ్మ ఒప్పుకుంటేనా? మన గుమ్మంలో తిన్నవాడు, వెనకా ముందూ ఎవరూ లేనివాడు, పదోరోజు పిట్టకు పెట్టాల్సిందే అంది. కిరస్తానీ దొరకు పిండమేమిటని లైనంతా నవ్వింది. అమ్మ అన్నం, ఎండుచేపల పులుసు ఆకులో పెట్టి ఇంటి వెనక రబ్బరు చెట్ల కింద ఉంచింది.

కాకులు వచ్చాయి. ఒక్కటీ కిందికి దిగలేదు. ఎండుచేప వాసనకు వంటింట్లోకి దూరే కాకులు ఆ రోజు కొమ్మల మీద కదలకుండా కూర్చుంటే నాకు భయం వేసింది. కాకి ముట్టకపోతే పోయినవాడికి ఏదో కోరిక మిగిలిపోయినట్టు. అదేమిటో కనిపెట్టి, తీరుస్తామని మాట ఇవ్వాలి. అతని కర్ర భద్రంగా చూసుకుంటానన్నాను. సమాధి మీద రాయి వేయిస్తానన్నాను. కదల్లేదు.

"ఆడి మనసులో ఏదో ఉండిపోనాదిరా. నీకే గదా సెప్పుకున్నాడు. నువ్వే మాటియ్యి," అంది అమ్మ.

"నీ తప్పు దొరలందరికీ సెప్తాను దొరా. నమ్మిస్తాను," అన్నాను.

ఒక కాకి దిగి చేపముక్క అందుకుంది.

మాటైతే ఇచ్చాను. మీ గొప్ప ఆటగాడు మోసంతో గెలిచాడని కూలివాడి కొడుకు వెళ్ళి దొరలతో అంటే ఉద్యోగం ఉంటుందా? అయినా చచ్చినవాడికిచ్చిన మాట. ఒక పొద్దున నేను బల్ల ఇస్త్రీ చేస్తుంటే క్లబ్బు సెక్రటరీ దొర వచ్చాడు. ఇస్త్రీపెట్టె పక్కన పెట్టి ఉన్నదున్నట్టు చెప్పేశాను.

ఆయన కోప్పడలేదు, నవ్వాడు. "నీకూ చెప్పాడా? మా అందరికీ చెప్పేవాడు. తీర్పరి పక్కనే ఉండి చూశాడు, ఏమీ తగల్లేదు. ముసలాడికి అదొక పిచ్చి," అని వెళ్ళిపోయాడు.

ఆ తర్వాత కొత్తగా వచ్చిన దొరలకూ చెప్పి చూశాను. అందరూ నవ్వారు. నమ్మేవాడి కోసమే అతను అన్ని ఊళ్ళు తిరిగాడని అప్పుడు తెలిసింది. అతనికి నేను దొరికాను. నాకు ఇంకా ఎవరూ దొరకలేదు.

మా పిల్లలకూ చెప్పాను. వాళ్ళూ నవ్వారు. రేపు నాకు పెట్టిన ఆకును కాకి ముట్టకపోతే ఏం మాటివ్వాలో వాళ్ళకు తెలుసు. నమ్మకుండా ఇచ్చిన మాటకు కాకి దిగుతుందా అన్నదే నా భయం.