గుండె విననిదే కుంచె పట్టనివ్వని నర్సమ్మ

మా ఊరి దవాఖాన నర్సమ్మ మొన్న సోమవారం చనిపోయింది. నాలుగు రోజుల జ్వరం, అంతే. దవాఖాన ఆయా పరుగున వచ్చి చెప్పేటప్పటికి నేను మగ్గం గుంటలో కూర్చుని ఉన్నాను. ఆమెకు యాభై ఏళ్లు కూడా నిండలేదు. చూడవచ్చిన వాళ్లంతా "రాసిపెట్టి ఉన్నది" అన్నారు. ఆ మాట ఆమె ముందు ఎవరైనా అంటే ఊరుకునేది కాదు. నేనూ ఊరుకోను.

మాది నల్లగొండ దగ్గర నేతగాళ్ల ఊరు. తెల్లవారగానే వీధి పొడవునా పడుగు నూలు చాపి, గంజి పట్టిస్తాం. ఇద్దరు చెరో పక్క నిలబడి కుంచెతో దువ్వుకుంటూ ఈ కొస నుంచి ఆ కొసకు నడుస్తారు. పిల్లలకు కీళ్లవాపు జ్వరం వచ్చి తగ్గితే, చేతికి కుంచె ఇచ్చి ఆ నడక నడిపించడం మా ఆనవాయితీ. నలభై రోజులు నడిస్తే పట్టుకుపోయిన కీళ్లు విడిపోతాయని నమ్మకం. చాలామందికి విడిపోయేవి కూడా, అందుకే ఎవరికీ అనుమానం రాలేదు. నడుస్తూ నడుస్తూ పడుగు పక్కనే కూలిపోయిన మా మేనత్త కూతురి చావును మాత్రం దిష్టి ఖాతాలో వేశారు.

నాకు ఆ జ్వరం వచ్చింది పన్నెండో ఏట. మోకాళ్ల వాపు తగ్గగానే అమ్మ నన్ను వీధిలోకి తెచ్చింది. నర్సమ్మ మక్తల్ వైపు నుంచి బదిలీ అయి వచ్చి అప్పటికి రెండు నెలలు. నా చేతిలోని కుంచె లాక్కుని, ముందు గుండె వినాలన్నది.

వాడకట్టు పెద్దమనిషికి కోపం వచ్చింది. "మోకాళ్లు నొస్తే ఎద మీద గొట్టం పెట్టుడేందమ్మా? గుండె ఏమన్న మోకాలిల ఉంటదా?"

వాడకట్టంతా నవ్వింది. నర్సమ్మ నవ్వలేదు.

"జ్వరం మోకాలి కాడ్నే ఆగిందని నీకు చెప్పి పోయిందా పెద్దయ్యా?"

నన్ను ఇంట్లోకి తీసుకుపోయి, గొట్టం బిళ్లను అరచేతిలో రుద్ది వెచ్చచేసి, ఎద మీద ఆనించింది. చాలాసేపు విన్నది. "చప్పుడుల ఇంకో చప్పుడున్నది. ఈ పొల్ల ఇప్పుడు నడవొద్దు" అన్నది.

అమ్మ ఆమె రెండు చేతులూ పట్టుకున్నది. "నీ కాళ్లు మొక్కుత, బయట చెప్పకు. గుండె రోగమని తెలిస్తే దీన్ని ఎవడు చేసుకుంటడు?"

"చేసుకునేటోని సంగతి తర్వాత సూద్దాం. ముందు పిల్ల బతికుండాలె గద."

నల్లగొండ పెద్ద దవాఖానకు ఆమే వెంటబెట్టుకుని తీసుకుపోయింది. కీళ్ల జ్వరం గుండెకూ పాకిందని డాక్టరు కూడా చెప్పి, నెలనెలా సూది రాశాడు. ఇక చూడండి మావాళ్ల తీరు! నిన్నటిదాకా నడువు నడువు అన్నవాళ్లే మంచం దిగొద్దన్నారు. ముసలి అవ్వ నోటికి బువ్వ అందించేది. ఆరు నెలలయ్యేసరికి నా కాళ్లు చీపురుపుల్లలయ్యాయి. నడిస్తే చస్తానన్నారు, నడవక నేను చస్తూనే ఉన్నాను.

ఈసారి నర్సమ్మ మా అవ్వ మీదికి వచ్చింది. "గుండె చప్పుడు ఇనాలన్న గని పిల్లను పాతిపెట్టుమన్ననా?"

డాక్టరును అడిగి వచ్చి తనే నడిపించింది. మొదటి వారం పది అడుగులు. కూర్చోబెట్టి, మణికట్టు పట్టుకుని, గడియారం చూసేది. తర్వాతి వారం ఇరవై. నడుస్తున్నంతసేపూ నన్ను మాట్లాడించేది. "ముచ్చట పెట్టుకుంట నడువగలిగితేనే నడువు. మాట తెగిందంటే కూసో." నేను అవ్వ మీద చాడీలు మొదలుపెట్టేదాన్ని. "నీ కాళ్లకు ఆయాసమొస్తది గని నోటికి రాదే!" అని నవ్వేది.

ఆమె వేళ్లు కూడా కణుపుల దగ్గర వంకరపోయి ఉండేవి. సీసా మూత తిప్పలేక తలుపు సందులో ఇరికించి తీసేది. మరి నీ గుండె ఎవరు వింటారని ఒకసారి అడిగాను. "ఏడాదికోపారి నల్లగొండకు పోయి ఇనిపిచ్చుకుంట. ఊరికి చెప్పేది నేను చెయ్యకుంటె నా మాట కుక్క ఇంటదా?" అన్నది.

ఇవాళ నా రెండు కాళ్లతో మగ్గం తొక్కుతున్నాను. పెళ్లి మాటలప్పుడు నా గుండె సంగతి నేనే చెప్పాను. ఇద్దరు లేచి వెళ్లిపోయారు, మూడోవాడు చాయ్ తాగి కూర్చున్నాడు. ఇదంతా ఆమె పెట్టిన భిక్ష అంటే తిట్టేది కాబట్టి అనను. కానీ ఆమె లేకుంటే నేను లేను, ఇది మాత్రం అంటాను.

దహనమైన మూడో రోజు పొద్దున పెద్దమనిషి మా గడపలోకి వచ్చాడు. భుజాన మనుమరాలు. ఆ పిల్లకు కీళ్ల జ్వరం తగ్గి వారమైందట.

"కుంచె ఇయ్యకపోయినవా?" అన్నాను. ఆ పాత నవ్వును నేనింకా క్షమించలేదు.

"ఎట్లిస్త బిడ్డా? గుండె ఇనేటోళ్లు లేకపాయె" అన్నాడు తల వంచుకుని.

నాకు వినడం రాదు. పిల్లను చంకనెత్తుకుని నల్లగొండ బస్సు దగ్గరికి నడిచాను. బస్సు కిక్కిరిసి ఉంది. జాగా లేదు, సాయంత్రం బస్సుకు రమ్మన్నాడు కండక్టరు. పెద్దమనిషి చేతి కట్టె పొడుచుకుంటూ పోయి బస్సు ముందు, నడిరోడ్డు మీద కూర్చున్నాడు. డ్రైవరు హారన్ మోగించాడు, లోపలివాళ్లు తిట్టారు. ఇంజను పొగ ముఖాన కొడుతున్నా ముసలాయన కదల్లేదు.

"పొల్లను ఎక్కిచ్చుకోండ్రి. లేకుంటె నా మీదికెల్లి తోలుకపోండ్రి."