గాలయ్య తవ్విన నిలువురాయి

శామీర్‌పేట దగ్గర కడీలు కొట్టి బతికే గాలయ్యకు రాయి గురించి తెలియనిది లేదని పేరు. పొలాలకూ ప్లాట్లకూ హద్దులుగా పాతే ఆ రాతి స్తంభాలను నలభై ఏళ్లుగా చీలుస్తున్నాడు. సమ్మెటతో ఒకసారి తట్టి, చప్పుడును బట్టి బండ ఎటు పగులుతుందో చెప్పేవాడు.

పోయిన ఎండాకాలం మేడ్చల్ వైపు వేస్తున్న ఒక వెంచర్ నుంచి సూపర్‌వైజర్ ప్రవీణ్ కబురు పెట్టాడు. రోడ్డు పడాల్సిన చోట రెండు నిలువుల ఎత్తు రాయి ఉంది. జేసీబీతో లాగితే విరిగి మీద పడుతుందని డ్రైవర్ భయపడ్డాడు. దాన్ని పడగొట్టి ముక్కలు చెయ్యాలి.

గాలయ్య దాని చుట్టూ తిరిగాడు. ఎక్కడా ఉలి గాటు లేదు. రాయి రంగు కూడా ఆ నేలది కాదు, ఎక్కడినుంచో తెచ్చారు. ఎలా చీల్చారో, ఎందుకు నిలబెట్టారో అంతుపట్టలేదు. అక్కడ మేకలు కాసే యాదవ్వను అడిగితే పిడుగు పడ్డప్పుడు నేలలోంచి లేచిందని చెప్పింది. ప్రవీణేమో ఏనుగును కట్టేసిన గుంజ అన్నాడు. రెండూ నమ్మబుద్ధి కాలేదు.

రాయి పక్కన గడ్డపారతో తవ్వాడు. నడుములోతున అడ్డంగా పరిచిన బండ తగిలింది. దాన్ని కొంచెం జరిపితే కింద ఎర్రటి, నల్లటి కుండలు కనిపించాయి. గాలయ్య గబగబా పైకి వచ్చేశాడు. పని ఆపొద్దని ప్రవీణ్ ఎంత చెప్పినా వినకుండా, తన కూతురు చదివే కాలేజీలో చరిత్ర పాఠాలు చెప్పే శోభారాణికి ఫోన్ చేయించాడు.

ఆమె పురావస్తు శాఖవాళ్లను తీసుకొచ్చింది. వాళ్లు రెండు వారాలు మెల్లగా తవ్వారు. రాయిని నిలబెట్టి రెండు వేల ఏళ్లకు పైమాటేనని, ఇలాంటివి చనిపోయినవాళ్ల కోసం నిలబెట్టేవారని శోభారాణి చెప్పింది. కానీ కుండల్లో మట్టి తప్ప ఏమీ లేదు. ఎక్కడా ఒక్క ఎముక దొరకలేదు.

"మనిషే లేంది సమాధి ఎట్లయితది మేడం?" అన్నాడు గాలయ్య.

"ఎముకలు మట్టిల కరిగిపోయి ఉండొచ్చు. ఎటో పోయి తిరిగిరాని మనిషి కోసం పెట్టి కూడ ఉండొచ్చు. నిజంగ నాకు తెల్వదన్నా" అంది ఆమె.

అంత చదువుకున్న మనిషికే తెలియదంటే ఇక ఎవరిని అడగాలో అతనికి తోచలేదు. తిరిగిరాని మనిషి అన్న మాట మాత్రం మనసులో ఉండిపోయింది. అతని తమ్ముడు లింగం పద్దెనిమిదేళ్ల కింద బొంబాయి వైపు క్వారీ పనికి పోయాడు. మళ్లీ రాలేదు. శవం రాలేదు, కబురూ రాలేదు. ఇంట్లో ఎవరూ దినాలు చెయ్యలేదు.

రాయిని ముట్టుకోవద్దని అధికారులు బోర్డు పెట్టారు. రోడ్డును పక్కకు తిప్పారు. గాలయ్య ఇంటికొచ్చి నాలుగు రోజులు కూర్చుని, కడీ కంటే వెడల్పుగా ఒక రాయి చీల్చాడు. ఇంటి వెనక గుంత కూడా తవ్వాడు. ఎవరికని అడిగింది భార్య రుక్కమ్మ. లింగానికని చెప్పాడు.

"నిలవెడితే ఆయన సచ్చిండని మనమే ఒప్పుకున్నట్టు గాదా?"

"నిలవెట్టకుంటే వాణ్ని మర్సినట్టుంటది."

గాలయ్య రెండుసార్లు రాయికి చెయ్యి వేసి తీసేశాడు. చివరికి గుంత పూడ్చి, రాయిని గోడ పక్కన పడుకోబెట్టాడు.

పెత్రమాస, అంటే పెద్దల అమావాస్య నాడు, చనిపోయిన పెద్దలందరికీ ఆకులు వేశాక రుక్కమ్మ ఇంకొక ఆకులో అన్నం పెట్టి ఆ రాయి మీద ఉంచింది. గాలయ్య చెంబుతో నీళ్లు తెచ్చాడు. చచ్చినవాడికని నీళ్లు విడవాలో, బతికున్నవాడికని తాగడానికి ఆకు పక్కన పెట్టాలో తేల్చుకోలేక, చెంబు పట్టుకుని అక్కడే కూర్చుండిపోయాడు.