అంతోనయ్య వదిలిన సందు

తిరువూరులో అంతోనయ్య బిగించిన తలుపు ఏ వానాకాలంలోనూ పట్టెయ్యలేదు. మిగతా ఇళ్ళలో శ్రావణమాసం వచ్చేసరికి తలుపుల్ని భుజంతో నెట్టాల్సి వచ్చేది. అంతోనయ్య తలుపు చంటిపిల్ల తోసినా కదిలేది. కిటుకు పెద్దదేం కాదు. ఎండాకాలంలో చెక్క కుంచించుకుని ఉంటుంది, నాలుగు వానలు పడితే ఒళ్ళు చేస్తుంది. అందుకని వేసవిలో చేసే ప్రతి బిగింపులోనూ పావలా బిళ్ళ మందం సందు వదిలేవాడు. దాన్ని ‘చెక్కకి ఊపిరి’ అనేవాడు. ముప్పై ఏళ్ళ వడ్రంగంలో ఆ ఊపిరి అతనికి ఒక్కసారీ అన్యాయం చెయ్యలేదు. దాంతో మనిషికి కాస్త తలబిరుసు పట్టింది. పట్టిన సంగతి అతనికి తప్ప ఊరందరికీ తెలుసు.

డెబ్భై ఎనిమిది మే నెలలో నూనె మిల్లు సీతారామారావు గారి రెండో కొడుకు చంద్రశేఖరం ఒక అట్టపెట్టె మోసుకుని అతని కొట్టానికి వచ్చాడు. ఓడల్లో పనిచేసే మేనమామ జపాన్ నుంచి తెచ్చిన కరెంటు గిటారు అది. గిటారంటే గిటారు కాదు. మెడ వేరు, మొండెం వేరు, తీగలు వేరు, మరలు వేరు. కొన్నవాడే కూర్చుని బిగించుకోవాలట. డబ్బు పోసి కొన్న సరుకుని మళ్ళీ మనమే తయారుచేసుకోవడం ఏం ముచ్చటో అంతోనయ్యకి బోధపడలేదు.

“వైర్లవీ నేను కలుపుకుంటాను మేస్త్రీ. మెడ ఒక్కటీ మీరు కూర్చోబెట్టండి,” అన్నాడు చంద్రశేఖరం. “రేపు సాయంత్రం ఆరింటికి మధుసూదనరావు మాస్టారి డాబా మీద రిహార్సల్. గిటారు పలికితే ఆర్కెస్ట్రాలో నన్ను తీసుకుంటానన్నారు. పలక్కపోతే మధిర నుంచి ఒకతను సిద్ధంగా ఉన్నాడు. ఆ చోటు అతనికి ఇచ్చేస్తారు.”

మొండెంలో మెడ కూర్చోవడానికి ఒక గూడు తొలిచి ఉంది. అంతోనయ్య మెడని అందులో పెట్టి నొక్కాడు. అరచేత్తో గట్టిగా అదిమితే గానీ దిగలేదు. ఇంత బిగుతా? ఇది మే నెల, చెక్క ఎండి ఉంది. వానలు పడి మెడ ఉబ్బితే గూడు పగిలిపోతుంది.

చంద్రశేఖరం ఇంగ్లీషు కాగితం తీసి చదివాడు. “ఇక్కడ బిగుతుగానే ఉండాలని రాశారు మేస్త్రీ. అరగదీయొద్దన్నారు.”

“కాగితం రాసినోడు తిరువూరు ఎండలు చూశాడా బాబూ?” అని నవ్వాడు అంతోనయ్య. చిత్రిక తీసుకుని మెడకి ఈ పక్క రెండు పట్లు, ఆ పక్క రెండు పట్లు పట్టాడు. మెడ వెన్నలో వేలు దిగినట్టు దిగింది. వెనక నాలుగు మరలు బిగించి ఇచ్చి, అన్నం తిని, హాయిగా నిద్రపోయాడు.

మర్నాడు మధ్యాహ్నం పన్నెండున్నరకి చంద్రశేఖరం మళ్ళీ వచ్చాడు. ముఖంలో నెత్తురుచుక్క లేదు. గిటారు బల్ల మీద పెట్టాడు. తీగలు బిగించగానే మెడ పక్కకి ఒరిగింది. అన్నిటికంటే సన్నని తీగ మెడ అంచు దాటి గాల్లో వేలాడుతోంది. అంతోనయ్య మెడ పట్టుకుని ఊపాడు. ఊడబోయే పన్నులా కదిలింది. మరలు బిగించాడు. మళ్ళీ ఊపాడు. మళ్ళీ కదిలింది.

తలుపుని ఏదీ లాగదు. గిటారు మెడని ఆరు తీగలు రాత్రీ పగలూ లాగుతూనే ఉంటాయి. ఆ సంగతి అంతోనయ్యకి అప్పుడు తెలిసింది, అంటే బాగా ఆలస్యంగా తెలిసింది.

“మేస్త్రీ, ఇప్పుడేం చెయ్యాలి?” అన్నాడు చంద్రశేఖరం. తిట్టలేదు. తిట్టినా బాగుండేదని అంతోనయ్యకి అనిపించింది.

గుమ్మంలో నిలబడి చూస్తున్న భార్య మేరమ్మ ఉన్నమాట అనేసింది. “సందులోకి బద్ద దూర్చాలి. ఉల్లిపొర మందం బద్ద. అంత సన్నం పని నీ చేతికి రాదు. ఎవరికి వచ్చో నీకూ తెలుసు, నాకూ తెలుసు.”

ఆ పని వచ్చింది విస్సన్నపేటలో హార్మోనియంలు బాగుచేసుకునే యేసుదాసుకి. అంతోనయ్య సొంత తమ్ముడు. ఆరేళ్ళుగా ఇద్దరికీ మాటల్లేవు.

ఆరేళ్ళ క్రితం విస్సన్నపేటలో ఒక రైతు కొత్తిల్లు కట్టుకుంటే సింహద్వారం అన్నదమ్ములే చేశారు. గుమ్మం మూలలో సందు వస్తే యేసుదాసు సన్నని బద్ద పెట్టి బిగించాడు. గృహప్రవేశం రోజు ఇంటాయన దానిమీద వేలు పెట్టి ఇదేంటని అడిగాడు. భోజనాల బంతి మొత్తం వింటుండగా అంతోనయ్య అన్నాడు, “అది నా పని కాదండి, వీడిది. అతుకులేసేవాడు నా తమ్ముడు కాడు.” యేసుదాసు చేతిలోని విస్తరి కింద పెట్టి వెళ్ళిపోయాడు. మళ్ళీ తిరువూరులో అన్న గడప తొక్కలేదు. తల్లిని సమాధి చేసిన రోజున స్మశానానికి వచ్చి, ఇటు చూడకుండానే తిరిగి వెళ్ళాడు.

అంతోనయ్య గిటారుని మళ్ళీ చేతిలోకి తీసుకున్నాడు. మెడలో ఏదో లోపం ఉంది, కంపెనీ వాళ్ళు సరిగ్గా పంపలేదు అనెయ్యొచ్చు. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది కూడా. ఎదురుగా చంద్రశేఖరం తెగిన గాలిపటంలా నిలబడి ఉన్నాడు. అంతోనయ్య భుజం మీద తువ్వాలు వేసుకున్నాడు.

“పద బాబూ. ఒకటిన్నర బస్సు అందుకుందాం.”

విస్సన్నపేటలో దిగేసరికి రెండున్నర దాటింది. యేసుదాసు వాకిట్లో హార్మోనియం మెట్లు రుద్దుకుంటున్నాడు. అన్నని చూశాడు. చూపు తిప్పుకుని చంద్రశేఖరంతో అన్నాడు, “ఏం పని మీద వచ్చారండి?”

చంద్రశేఖరం చెప్పబోయాడు. అంతోనయ్య ఆపాడు. “నేను చెప్తాను. మెడ బిగుతుగా ఉండాలని ఈ బాబు చెప్పాడు. నేను వినలేదు. అరగదీశాను. ఊగుతోంది.”

ఇంతే. ఈ నాలుగు ముక్కలు చెప్పేసరికి అతని చొక్కా వీపున తడిసిపోయింది.

యేసుదాసు గిటారు ఒళ్ళో పెట్టుకుని తీగలు వదులు చేశాడు, మరలు తీశాడు. పాత హార్మోనియం పెట్టె తాలూకు నల్లని ఇరుగుడు చెక్క పలక వెతికి తెచ్చాడు. “జిగురు ఆరే టైము లేదు. ఉత్త బిగుతు మీదే నిలబడాలి,” అన్నాడు చంద్రశేఖరంతో. తర్వాత ఎటో చూస్తూ, “మొండెం కదలకుండా పట్టుకోండి మేస్త్రీ గారూ,” అన్నాడు.

అన్నయ్యా అని పిలవాల్సిన నోట ‘మేస్త్రీ గారూ’ వినడం కంటే చెంపదెబ్బ నయం. అంతోనయ్య పట్టుకున్నాడు.

మొదటి బద్ద లావైంది. రెండు పట్లు పడితే సన్నమైంది. పారేశాడు. రెండోది కొస దగ్గర చీలింది. మూడోది కోస్తుంటే మూడున్నర దాటింది. ఆ పలకలో ఇంకొక్క కోతకే చెక్క మిగిలింది. అంతోనయ్యకి చెయ్యి దురద పెట్టింది, చిత్రిక నేను పడతానని అందామనుకుని నోరు మూసుకున్నాడు. మూడో బద్ద ఒక పక్క సరిపోయింది. నాలుగోది రెండో పక్క. మెడని అరచేత్తో అదిమితే గానీ దిగలేదు. యేసుదాసు పై నుంచి కింది దాకా దారం లాగి పట్టి, మెడ నడిమధ్యన ఉందని చూసుకున్నాక మరలు బిగించాడు. తీగలు ఒక్కొక్కటే ఎక్కించాడు. అన్నిటికంటే సన్నని తీగ బిగిస్తుంటే ముగ్గురూ ఊపిరి బిగబట్టారు. తీగ అంచుకి లోపలే నిలబడింది.

నాలుగున్నర బస్సు దగ్గర యేసుదాసు కూడా ఎక్కి ముందు సీట్లో కూర్చున్నాడు. “కుదుపులకి బద్ద జారితే మళ్ళీ ఎవరు కూర్చోబెడతారు?” అన్నాడు, ఎవరూ అడక్కుండానే. దారిలో మామిడికాయల లారీ ఒకటి అడ్డంగా ఆగిపోయి అరగంట తినేసింది. చంద్రశేఖరం ఒళ్ళో గిటారుని పసిబిడ్డలా పొదివి పట్టుకుని వాచీ చూసుకుంటూనే ఉన్నాడు.

డాబా మెట్లెక్కేసరికి ఆరూ అయిదు. మధిర అతను తన వాయిద్యానికి వైరు పెట్టుకుంటున్నాడు. మాస్టారు విసుగ్గా చెయ్యి ఊపి, “సరే, కానివ్వు,” అన్నారు. చంద్రశేఖరం వైరు గుచ్చి తీగలు మీటాడు. డాబా అంతా నిండిపోయింది ఆ మోత. ఇంకోసారి, గట్టిగా. మెడ కదల్లేదు. డోలక్ వాయించే ఆయన లేచి నిలబడి చప్పట్లు కొట్టాడు. మాస్టారి ముఖం విప్పారింది. దగ్గరికొచ్చి గిటారుని తిప్పి చూశారు. తెల్లచెక్క పక్కన నల్లని బద్దలు రెండు స్పష్టంగా కనిపిస్తున్నాయి.

“ఇదేంటి అంతోనయ్యా, నీ పనిలో అతుకా?” అన్నారు. పదిమందీ అటు చూశారు.

అంతోనయ్య నోరు తెరిచేలోపు యేసుదాసు అందుకున్నాడు. “మేస్త్రీ గారి తప్పు కాదండి. కంపెనీ వాళ్ళే మెడ సన్నంగా పంపించారు.”

అంతోనయ్య ఆ నల్లని బద్దల కేసి చూశాడు. ఆ రోజు భోజనాల బంతి ముందు తను అనాల్సింది ఇలాంటి మాటే. ఒక్క మాట. అని ఉంటే తమ్ముడు విస్తరి కింద పెట్టి వెళ్ళేవాడు కాదు. అమ్మ కొడుకులిద్దరినీ పక్కపక్కన చూసుకుని పోయేది.

“అబద్ధం మాస్టారూ,” అన్నాడు. గొంతు పెద్దగానే వచ్చింది. “కంపెనీ సరిగ్గానే పంపింది. నేను చెడగొట్టాను. ఇదిగో వీడు నిలబెట్టాడు. వీడు నా తమ్ముడండి.”

తమ్ముడి ముఖంలోకి చూసే ధైర్యం అంతోనయ్యకి చాల్లేదు. తువ్వాలుతో కళ్ళు తుడుచుకుంటూ నిలబడ్డాడు. యేసుదాసు గిటారు అందుకుని వెనక వైపుకి తిప్పాడు. వేలితో మరలు ఒక్కొక్కటే తడిమి చూశాడు.

“కింది మర ఇంకొక్క చుట్టు తిరగాలి,” అన్నాడు. “నువ్వు ఇటు పట్టుకో అన్నయ్యా.”